దవడ కీలు నొప్పి: పన్ను తీయించే ముందు, పళ్లు అరగదీయించే ముందు

మీరు రాసిన దాంట్లో ముఖ్యమైనవి ఇవి: ఆరు నెలలుగా ఎడమ చెవి ముందు నొప్పి, నోరు తెరిస్తే టక్‌మని శబ్దం, రెండు వారాలుగా పొద్దున లేచేసరికి దవడ పట్టేసినట్టు ఉండటం. చెవి డాక్టరుగారు చూసి చెవిలో ఏమీ లేదన్నారు. దంతవైద్యుల్లో ఒకరు జ్ఞానదంతం తీయాలన్నారు, ఇంకొకరు రాత్రి పళ్లకు తొడిగే నైట్ గార్డు పెట్టుకోమన్నారు, మూడోవారు ఎత్తుగా ఉన్న పళ్లు అరగదీసి, క్లిప్పులు పెట్టి వరుస సరిచేస్తే గాని తగ్గదన్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

ముందుగా ఒక్క మాట గట్టిగా చెప్తాను. వెనక్కి తీసుకోలేని పని ఏదీ ఇప్పుడు చేయించుకోకండి. పన్ను తీయడం, పళ్లు అరగదీయడం, వరసగా క్యాపులు వేయడం, క్లిప్పులు పెట్టడం అన్నీ ఆ కోవలోవే. దవడ కీలు నొప్పుల్లో ఎక్కువ భాగం తేలికపాటి చికిత్సతో వారాల్లో, నెలల్లో తగ్గుతాయి. అరగదీసిన ఎనామెల్ మాత్రం మళ్లీ రాదు. అరగదీతకు ఒప్పుకున్న తర్వాత కొరుకు, అంటే పై పళ్లు, కింది పళ్లు కలిసే తీరు, కుదరక, దాన్ని సరిచేయడానికి మరికొన్ని పళ్లు అరగదీయించుకునే వాళ్లున్నారు. ఆ దారిలోకి అసలు వెళ్లొద్దు.

ఇప్పుడు ఇంట్లోనే కొన్ని చూసుకోండి. అద్దం ముందు కూర్చుని, రెండు చూపుడు వేళ్లూ చెవి రంధ్రం ముందున్న చిన్న మృదులాస్థికి కాస్త ముందు ఆనించి, నోరు మెల్లగా తెరిచి మూయండి. వేలి కింద కదిలే గుండ్రటి ఎముకే కీలు తల. అక్కడ నొక్కితే నొప్పా, లేక బుగ్గ మీద దవడ మూల దగ్గరా, కణత దగ్గరా? పళ్లు గట్టిగా కొరికితే బుగ్గ మీద ఉబ్బే కండరం ఉంటుంది, దాన్ని రెండు వేళ్లతో అంగుళం అంగుళం నొక్కుతూ రండి. ఎక్కడ నొక్కినప్పుడు "అవును, రోజూ వచ్చే నొప్పి ఇదే" అనిపిస్తుందో గుర్తుపెట్టుకోండి. నొక్కితే ఎవరికైనా కొంత నొప్పి ఉంటుంది, మీ పాత నొప్పి అచ్చంగా అక్కడ బయటపడిందా అన్నదే ముఖ్యం. కండరం నొప్పి చెవిలోకీ, కణతలోకీ, పై దవడ పళ్లలోకీ పాకుతుంది. అందుకే చాలామంది మొదట చెవి డాక్టరు దగ్గరికి వెళ్తారు. అందుకే ఏ దోషమూ లేని పళ్లకు రూట్ కెనాల్ జరిగిపోతూ ఉంటుంది.

తర్వాత స్కేలు తీసుకుని పై ముందు పన్ను అంచు నుంచి కింది ముందు పన్ను అంచు వరకు కొలవండి. నొప్పి లేకుండా ఎంత తెరుచుకుంటుందో ఒకటి, నొప్పి ఓర్చుకుని ఎంతవరకు పోతుందో మరొకటి, రెండూ తేదీతో రాసుకోండి. పెద్దవాళ్లలో 40 మి.మీ. దాటితే మామూలే, 35 కంటే తక్కువైతే తెరుచుకోవడం తగ్గినట్టు. స్కేలు లేకపోతే మీ చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు మూడూ ఒకదాని మీద ఒకటిగా నిలువునా పట్టాలి. తెరిచేటప్పుడు గడ్డం నిటారుగా దిగుతోందా, ఒక పక్కకు పోయి శబ్దం రాగానే మళ్లీ మధ్యకు వస్తోందా, లేక పక్కకు పోయి అక్కడే ఉండిపోతోందా చూడండి. ఈ మూడో తీరు ఉంటే ఆలస్యం చేయకూడదు, ఎందుకో కింద చెప్తాను.

ఆ శబ్దం సంగతి. కీలు తలకీ, పుర్రె ఎముకలోని గుంటకీ మధ్య పలుచటి డిస్క్ ఒకటి ఉంటుంది. అది ముందుకు జారి ఉంటే, నోరు తెరిచినప్పుడు ఎముక తల దాని వెనక అంచు ఎక్కి లోపలికి చేరుతుంది, ఆ క్షణంలో టక్‌మంటుంది. మూసేటప్పుడు మళ్లీ జారుతుంది. నొప్పి లేని శబ్దానికి చికిత్స అక్కర్లేదు. ఊళ్లో ఎంతోమందికి ఉంటుంది, జీవితాంతం అలాగే ఉన్నా ఏమీ కాదు. శబ్దం పోగొట్టడమే లక్ష్యంగా పెట్టుకుంటే మీరు నిరాశపడతారు. నొప్పి తగ్గాలి, నోరు తెరుచుకోవాలి, నమలగలగాలి, మన లక్ష్యం అంతే. ఇసుక రాపిడిలా గరగర వినిపిస్తే అది వేరు, ఎముక ఉపరితలం అరిగిందేమో చూడాలి.

శబ్దం అకస్మాత్తుగా మాయమై, అదే రోజు నుంచి నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోకపోతే మాత్రం సంతోషించకండి. డిస్క్ ముందుకు జారి, ఎముక తల దాని మీదికి ఎక్కలేక ఆగిపోయిందని అర్థం. గడ్డం నొప్పి ఉన్న వైపుకే లాగుతుంది. దీన్ని ఆ వారంలోనే చూపించుకోవాలి.

దవడ కీలు అనుకుని పొరపాటు పడకూడనివి కొన్ని ఉన్నాయి. నడిస్తే, మెట్లెక్కితే దవడ నొప్పి వచ్చి ఆగితే తగ్గుతుంటే, లేదా దవడ నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉంటే గుండె సంగతి చూపించాలి, అదీ వెంటనే. 50 దాటినవాళ్లకు కొత్తగా కణత నొప్పి మొదలై, నమిలేకొద్దీ దవడ అలిసిపోయి, చూపు మసకబారితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కణత రక్తనాళం వాపు అయితే చూపే పోవచ్చు. జ్వరం, ముఖం వాపు, మింగలేకపోవడం ఉంటే పంటి చీము కావొచ్చు. కరెంటు షాకులా సెకన్లపాటు కొట్టే నొప్పి నరానిది. మరొకటి మన ప్రాంతంలో తప్పనిసరిగా అడగాల్సింది: గుట్కా, వక్కపొడి, పాన్ మసాలా అలవాటు ఉందా? నెలల తరబడి నోరు కొద్దికొద్దిగా మూసుకుపోతూ, కారం తగిలితే మంట, బుగ్గ లోపల తెల్లబడి పట్టీలా బిగిసినట్టు ఉంటే అది కీలు జబ్బు కాదు, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. అది క్యాన్సర్‌కు దారితీయగలదు. దానికి ఈ కింద రాసినవి సరిపోవు.

ఇవేవీ లేకపోతే ఆరు వారాలు ఇంటి పద్ధతి శ్రద్ధగా పాటించండి. దీంట్లో అన్నిటికంటే బలమైనది పైసా ఖర్చు లేనిది: పళ్లను పళ్లకు తాకనీయకపోవడం. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్లు, కింది పళ్లు కలవకూడదు. పెదాలు మూసి, పళ్లు విడిగా, నాలుక కొన పై ముందు పళ్ల వెనక చిగురు దిబ్బ మీద తేలిగ్గా ఆనించి, దవడ వదులుగా. ఫోను చూస్తున్నప్పుడు, బండి నడుపుతున్నప్పుడు, కంప్యూటర్ ముందు, వంటింట్లో కూర తరిగేటప్పుడు చాలామంది తెలియకుండానే పళ్లు బిగబడతారు. ఫోను వెనకా, మానిటర్ మూలా, ఫ్రిజ్ తలుపు మీదా చిన్న రంగు స్టిక్కర్ అంటించండి. అది కనబడిన ప్రతిసారీ పళ్లు విడిగా ఉన్నాయా అని చూసుకుని, భుజాలు దించి, ఒక శ్వాస వదలండి. నొప్పి సాయంత్రానికి పెరిగేవాళ్లకు పగటి బిగింపే కారణమయ్యే అవకాశం ఎక్కువ. మీకు పొద్దున ఎక్కువ అంటున్నారు కాబట్టి నిద్రలో బిగిస్తూ ఉండొచ్చు. పక్కన పడుకునేవాళ్లను అడగండి, పళ్లు నూరే శబ్దం వాళ్లకు తెలుస్తుంది. శబ్దం లేకుండా బిగించేవాళ్లూ ఉంటారు. నాలుక అంచున పళ్ల గుర్తులు, బుగ్గ లోపల పళ్ల వరుస వెంట తెల్ల గీత దానికి ఆనవాళ్లు.

తిండి రెండు వారాలు మెత్తగా: పెరుగన్నం, పప్పన్నం, ఇడ్లీ, ఉప్మా, మెత్తగా ఉడికిన కూరలు, గుడ్డు, అరటిపండు. జంతికలు, సకినాలు, చేగోడీలు, పల్లీపట్టి, చెరకు, మొక్కజొన్న కంకి, ముదురు మటన్, గట్టి జొన్నరొట్టె, చూయింగ్ గమ్, కిళ్లీ ఆపేయండి. జామకాయ, మామిడికాయ ముందు పళ్లతో కొరకొద్దు, ముక్కలు కోసుకోండి. రెండువైపులా నమలండి. అయితే నెలల తరబడి జావ మీదే ఉండటమూ మంచిది కాదు, కండరం బలహీనపడుతుంది. రెండు వారాలయ్యాక నొప్పిని బట్టి మామూలు తిండిలోకి రండి. ఆవలింత వస్తే పిడికిలి గడ్డం కింద ఆనించి, నాలుక అంగిలికి అదిమిపెట్టి, నోరు పూర్తిగా సాగకుండా చూసుకోండి. బోర్లా పడుకోవడం, దవడ కింద చెయ్యి పెట్టుకుని పడుకోవడం మానాలి.

కాపడం సరిగా పెట్టినవాళ్లకే పని చేస్తుంది. చిన్న తువ్వాలు వేడినీళ్లలో ముంచి పిండి, మణికట్టు మీద పరీక్షించి, కణత నుంచి దవడ మూల వరకు పరిచి 15 నుంచి 20 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. చల్లారిపోతే మళ్లీ ముంచాలి, రెండు నిమిషాల కాపడం చర్మం దాటదు. దెబ్బ తగిలి కొత్తగా వాచిన కీలుకు మాత్రం మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు, ఒక్కోసారి 10 నిమిషాలు.

కాపడం అయిన వెంటనే వ్యాయామం. నాలుక కొన అంగిలికి ఆనించే ఉంచి, అద్దంలో గడ్డం నిటారుగా దిగేలా చూస్తూ, నాలుక ఊడనంతవరకే నోరు తెరిచి మూయండి. ఒక్కో విడతకు 6 సార్లు, రోజుకు 6 విడతలు. దీని ఉద్దేశం నోరు సాగదీయడం కాదు, కీలు గుంటలో నుంచి దూకకుండా తిరగడం నేర్పడం. ఒక వారం తర్వాత, నొప్పి పెరగకపోతే, గడ్డం కింద రెండు వేళ్లు ఆనించి చాలా తేలిగ్గా అడ్డుకుంటూ నోరు తెరవబోవడం, గడ్డం పక్కన వేళ్లు పెట్టి అడ్డుకుంటూ పక్కకు జరపబోవడం, ఒక్కోటి 6 సెకన్లు. ఎంత తేలిగ్గా అంటే దవడ కదలకూడదు, ముఖం బిగుసుకోకూడదు. నొప్పి బుగ్గ కండరంలోనే ఉండి నోరు తక్కువ తెరుచుకుంటున్నవాళ్లు, బొటనవేలు పై పళ్లకు, చూపుడువేలు కింది పళ్లకు ఆనించి మెల్లగా విడదీస్తూ 10 నుంచి 20 సెకన్లు పట్టి ఉంచొచ్చు, నాలుగైదు సార్లు. పదికి మూడు మించి నొప్పి రాకూడదు. చెవి ముందు సూదిలా గుచ్చితే ఆపండి, అది కండరం కాదు, కీలు. ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు: తొందరగా తగ్గాలని బలంగా సాగదీసి, మర్నాటికి వాపు తెచ్చుకుంటారు. నోరు పెద్దగా తెరిచి శబ్దం ఇంకా వస్తోందా అని పదేపదే పరీక్షించడమూ అలాంటిదే.

మందుల విషయం క్లుప్తంగా. పెద్దవాళ్లకు ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. తిన్న తర్వాత రోజుకు మూడుసార్లు, వారం పది రోజులు డాక్టరు సలహాతో వాడతారు. నొప్పి వచ్చినప్పుడు ఒకటి వేసుకోవడం కంటే, కీలు వాపు ఉన్నప్పుడు వేళకు వేసుకోవడమే పని చేస్తుంది. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, రక్తం పలుచబరిచే మందులు, నొప్పి మాత్రలకు ఆస్తమా రావడం, గర్భం, డెంగీ అనుమానమున్న జ్వరం, వీటిలో ఏదున్నా వద్దు. అలాంటివాళ్లకు డైక్లోఫెనాక్ జెల్ అయినా సరిపోతుందా అని డాక్టరునే అడగాలి. అది వాడితే శనగగింజంత చెవి ముందు రోజుకు మూడు నాలుగు సార్లు రాసి, చేతులు కడుక్కోవాలి, కంట్లో పడకూడదు. మన దగ్గర థయోకాల్చికోసైడ్ కలిపిన మాత్రలు తరచుగా రాస్తారు. నోటి ద్వారా 7 రోజులు దాటకూడదు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు వాడకూడదు. మానసిక ఒత్తిడికి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి వాడుతున్నవాళ్లలో కొందరికి పళ్ల బిగింపు పెరుగుతుంది. అనుమానం ఉంటే రాసిన డాక్టరుకు చెప్పండి, సొంతంగా ఆపకండి. ఇక మూడు నెలలు దాటిన నొప్పికి రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా.తో మొదలుపెట్టే పద్ధతి ఉంది. డిప్రెషన్ మందు రాశారని కంగారుపడొద్దు, ఈ మోతాదులో అది నొప్పి కోసమే.

ఇప్పుడు ఎవరికి చూపించాలి. ఓరల్ మెడిసిన్ (నోటి జబ్బుల వైద్యం) చదివినవాళ్లు, లేదా మాక్సిలోఫేషియల్ సర్జన్లు (దవడ, ముఖం ఆపరేషన్లు చేసేవాళ్లు) దీనికి సరైనవాళ్లు. డెంటల్ కాలేజీల్లో ఓపీ చీటీ తీసుకున్నాక మొదట చూసేది మామూలుగా ఓరల్ మెడిసిన్ విభాగమే. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. ప్రైవేటు క్లినిక్కుకు వెళ్లినా సరే, చేతితో పరీక్షించారా లేదా గమనించండి. కీలు మీద, బుగ్గ కండరం, కణత మీద నొక్కి చూడాలి, స్కేలుతో నోరు కొలవాలి, గడ్డం ఎటు పోతోందో చూడాలి, పళ్లు తట్టి, చల్లదనం తగిలించి పంటి నొప్పి కాదని తేల్చాలి. ఇవేవీ చేయకుండా ఎక్స్‌రే చూసి చికిత్స చెప్పేవారి మాట మీద ఖర్చు పెట్టకండి. మొదటి పరీక్షకు ఓపీజీ, అంటే రెండు దవడలూ కలిపి తీసే ఎక్స్‌రే, చాలు. డిస్క్ కనబడేది ఎంఆర్ఐలోనే, కానీ తాళం పడినట్టు నోరు తెరుచుకోకపోతేనో, రెండు మూడు నెలల చికిత్సకు లొంగకపోతేనో గాని అది అక్కర్లేదు. ఎముక అరుగుదల అనుమానమైతే సీబీసీటీ, అంటే దవడ ఎముకల త్రీడీ స్కాన్.

మీకు వచ్చిన మూడు సలహాల్లో నైట్ గార్డు ఒక్కటే ఆలోచించదగ్గది, అదీ పరిమితులు తెలుసుకుని. 2023లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో దీర్ఘకాలిక దవడ కీలు నొప్పి మీద అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన మార్గదర్శకం, వ్యాయామాలు, ఫిజియోథెరపిస్టు చేతితో చేసే చికిత్స, ఒత్తిడిని, నొప్పిని ఎదుర్కోవడం నేర్పే ప్రవర్తనా చికిత్స, వీటినే గట్టిగా సమర్థించింది. స్ప్లింట్ల, అంటే నైట్ గార్డు లాంటి తొడుగుల, విషయంలో అది అనుకూలంగా లేదు. అయితే రాత్రి నూరుడు వల్ల పళ్లు అరిగిపోతున్నవాళ్లకు పళ్లను కాపాడటానికి గార్డు పనికొస్తుందన్నది నా అభిప్రాయం. కొందరికి పొద్దుటి బిగుతూ తగ్గుతుంది. చేయించుకుంటే గట్టి యాక్రిలిక్‌ది, ఒక దవడలోని పళ్లన్నిటినీ కప్పేది, వెనక పళ్ల దగ్గర సుమారు 2 మి.మీ. మందం ఉండేది చేయించుకోండి. రెండు దవడల అచ్చులూ తీసుకోవాలి. పెట్టిన రోజే రంగు కాగితం కొరికించి, ఎదుటి పళ్లన్నీ సమానంగా తగిలేలా సరిచేయాలి. వారం తర్వాత ఒకసారి, ఆపై మూడు నాలుగు వారాలకు మళ్లీ చూడాలి. సరిచేయకుండా చేతికిచ్చి పంపిస్తే అది సగం పనే. ముందు పళ్లను మాత్రమే, లేదా వెనక పళ్లను మాత్రమే కప్పేవి నెలల తరబడి వాడితే, కప్పని పళ్లు పైకి లేచి కొరుకు మారిపోతుంది. ఆన్‌లైన్లో దొరికే, వేడినీళ్లలో ముంచి కొరికే మెత్తటి రబ్బరు గార్డు కొందరిలో నమిలే అలవాటును ఇంకా పెంచుతుంది. ఏదైనా రాత్రి మాత్రమే వాడాలి. పొద్దున తీసిన కొద్ది నిమిషాలు కొరుకు తేడాగా అనిపించడం మామూలు. గంట దాటినా పాత కొరుకు రాకపోతే ఆపి చూపించండి. కడగడానికి చల్లటి నీళ్లు, సబ్బు. వేడినీళ్లకు వంగిపోతుంది.

జ్ఞానదంతం విషయం: ఆ పన్ను దగ్గర చిగురు వాచి, చీము పట్టి, దానివల్లే నోరు తెరుచుకోకపోతే తీయాలి. మీకు అలాంటి వాపేదీ లేనట్టుంది. అలాంటప్పుడు తీస్తే కీలు నొప్పి తగ్గదు సరికదా, గంటసేపు నోరు బలంగా తెరిచి ఉంచడం వల్ల పెరగొచ్చు. క్లిప్పులు పళ్ల వరుసకు, కీలు నొప్పికి కాదు. అరగదీతకు ఒక్క మినహాయింపు ఉంది: కొత్తగా వేసిన ఫిల్లింగో క్యాపో ఎత్తుగా తగులుతూ, అప్పటి నుంచే నొప్పి మొదలైతే, ఆ కొత్త ఫిల్లింగునే, ఆ క్యాపునే సరిచేయించుకోవాలి. సొంత పళ్ల జోలికి పోకూడదు.

నోరు తాళం పడినవాళ్లకు, వ్యాయామాలు, మందులతో కొన్ని వారాల్లో తెరుచుకోకపోతే ఆర్థ్రోసెంటిసిస్ అని ఒకటి ఉంది. చెవి ముందు మత్తు ఇచ్చి రెండు సూదులు కీలులోకి దించి, ఒకదాంట్లోంచి రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రవం ఎక్కించి రెండోదాంట్లోంచి బయటికి పంపుతూ కీలును కడుగుతారు, తర్వాత దవడను మెల్లగా కదిలిస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు. అప్పటి నుంచి నోరు తెరిచే వ్యాయామాలు మానకూడదు, మానితే ఫలితం నిలవదు. కోసి చేసే ఆపరేషన్ కీలు ఎముక అతుక్కుపోవడం, గడ్డలు లాంటి వాటికే. పిల్లలున్న ఇంట్లో ఇది గుర్తుంచుకోండి: గడ్డం మీద పడి నోరు తెరవలేకపోతున్న పిల్లాణ్ణి, పైకి చిన్న కోతే కనిపించినా, ఎక్స్‌రే తీయించకుండా వదలొద్దు. కీలు దగ్గర ఎముక విరిగి, కదలిక లేకుండా మానితే అక్కడే అతుక్కుపోతుంది.

దవడ నొప్పి ఉండగా వేరే పంటి పని తప్పనిసరైతే, మొదలుపెట్టకముందే డాక్టరుగారికి చెప్పండి. పొద్దున అపాయింట్‌మెంట్, ఒక్కో విడత అరగంట లోపు, రూట్ కెనాల్ అయితే రెండు మూడు విడతలుగా. పళ్ల మధ్య రబ్బరు బైట్ బ్లాక్ పెట్టమని అడగండి. చిన్న సైజుది, కండరం దాని మీద ఆనుకుని సేదతీరుతుంది, పెద్దది పెడితే కీలే సాగుతుంది. ప్రతి పది నిమిషాలకు చెయ్యి ఎత్తితే ఆపాలని ముందే మాట్లాడుకోండి. కింది దవడ పన్ను తీస్తుంటే గడ్డం కింద చేత్తో ఆనించి పట్టుకోమనండి. ఇంటికొచ్చాక కాపడం, రెండు రోజులు మెత్తటి తిండి. మీ పాత కొలత చేతిలో ఉంటుంది కాబట్టి మూడో రోజు స్కేలు పెట్టి చూడండి, 5 మి.మీ. కంటే ఎక్కువ తగ్గి ఉంటే మర్నాడే ఫోను చేయండి.